న్యాయమైన యుద్ధానికి షరతులు మూడా, నాలుగా?

యూత్_క్లాస్: అందరికీ వందనాలు. క్రైస్తవుడు యుద్ధాన్ని ఒప్పుకోవచ్చా అన్న అంశం మీద యువజనులకు పాఠం సిద్ధం చేస్తున్నాను. ఒకచోట మూడు షరతులు, ఇంకోచోట నాలుగు కనిపిస్తున్నాయి. ఏవి పట్టుకోవాలి? హిట్లర్ మీద చేసిన యుద్ధం న్యాయమే కదా, ఆ ఉదాహరణతో ముగించేయొచ్చా?

సత్యోపదేశి: రెండూ సరైనవే. మూడు షరతులు 13వ శతాబ్దంలో కతోలిక వేదాంతి తోమా అక్వినాస్ పెట్టినవి. యుద్ధానికి పిలుపు పాలకుడి నుంచే రావాలి, ఎదుటిపక్షం దండనకు తగిన తప్పు చేసి ఉండాలి, ఉద్దేశం మంచిదై ఉండాలి. మూడోదాన్ని చాలామంది తేలిగ్గా దాటేస్తారు. పగ, క్రూరత్వం, ఏలాలన్న యావ ఉంటే కారణం న్యాయమైనదే అయినా ఆ యుద్ధం తప్పేనని, తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీన్ మాటల ఆధారంగా అక్వినాస్ అంటాడు.

నాలుగు షరతులు 1992 నాటి కతోలిక సత్యోపదేశం (కతోలిక సంఘం అధికారిక బోధనా గ్రంథం) 2309వ పేరాలోవి. దురాక్రమణ నష్టం శాశ్వతంగా, తీవ్రంగా, ఖాయంగా ఉండాలి. మిగతా దారులు పనిచేయవని తేలాలి. గెలుపు మీద గట్టి ఆశ ఉండాలి. మన ఆయుధాలు చేసే కీడు, తొలగించాలనుకున్న కీడును మించకూడదు. నాలుగూ ఒకేసారి నిలవాలి; మూడు కుదిరాయి, చాల్లే అనడానికి లేదు.

పాతపుస్తకాలు: హిట్లర్ దగ్గరే ముగించొద్దండి, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. యుద్ధానికి దిగడం న్యాయమా అన్నది ఒక లెక్క, దిగాక ఎలా పోరాడారన్నది ఇంకో లెక్క. ఇంగ్లండ్‌లోని చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్ నాజీలతో యుద్ధాన్ని సమర్థించినవాడే. అయినా 1944 ఫిబ్రవరి 9న బ్రిటన్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభలో, జర్మన్ పట్టణాలను మొత్తానికి మొత్తంగా బాంబులతో తుడిచిపెట్టడాన్ని నిలదీశాడు. వంతెన మీద బాంబు వేస్తే పక్కింటివాళ్లు చనిపోవడం వేరు, జనం ధైర్యం చెదరాలని ఇళ్ల మీదే వేయడం వేరు. రెండోదాంట్లో అమాయకుల చావే సాధనం. ఎంత మంచి ఫలితం వచ్చినా న్యాయమైన యుద్ధం గురించిన బోధ దాన్ని ఒప్పుకోదు.

పాలమూరు_ఎం.బి.: ఈ లెక్కలన్నీ వద్దనే క్రైస్తవులూ ఉన్నారు, పాఠంలో వాళ్లకీ చోటివ్వండి. అనాబాప్టిస్టులనే క్రైస్తవ వర్గం 1527లో రాసుకున్న విశ్వాస ప్రకటన ష్లైట్‌హైమ్ ఒప్పుకోలు ప్రకారం, ఖడ్గం దేవుని ఏర్పాటే గానీ క్రీస్తు పరిపూర్ణతకు బయటిది, అంటే క్రీస్తు శిష్యులు పట్టేది కాదు. పాలకుడి ఖడ్గం గురించిన రోమా 13 అధికారికి వర్తిస్తుంది, శత్రువును ప్రేమించమన్న మత్తయి 5 శిష్యుడికి. ఆ వర్గం నుంచే వచ్చిన మెన్నోనైట్లది ఈ దారే. పాలమూరు, నల్గొండ వైపు ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరన్) చర్చీల మూలం కూడా అదే. మరి దుర్మార్గుణ్ణి ఆపేదెవరని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నను దాటేయొద్దు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో సుమారు 12,000 మంది తుపాకీ పట్టకుండా, జీతం లేకుండా అడవి మంటలు ఆర్పడంలో, మానసిక ఆసుపత్రుల్లో పనిచేశారు. హిట్లర్‌ను ఆపింది మాత్రం వాళ్లు కాదు. ఆ మాట కూడా చెప్పండి.