వేసవి సెషన్‌లో కోర్సు తీసుకోవాలా, విశాఖ వెళ్లి రావాలా?

ప్రశ్న: మద్దిలపాలెం నుంచి వచ్చిన కొత్త సభ్యుడు

పెద్దలందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో బీటెక్ పూర్తిచేసి, నిరుడు ఆగస్టులో ఇక్కడ అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. డిగ్రీకి 30 క్రెడిట్లు కావాలి. మే నెలకల్లా 18 పూర్తవుతాయి. వేసవి సెషన్‌కు రిజిస్ట్రేషన్ మొదలైంది. రెండు కోర్సులు తీసుకుంటే చదువు త్వరగా ముగుస్తుందని నా రూమ్మేట్ అంటున్నాడు. ఇంట్లోవాళ్లు సెలవులకు రమ్మంటున్నారు. ఎండాకాలంలో క్లాసులేమిటి, ఏదైనా సబ్జెక్టు తప్పావా అని నాన్నగారు రెండుసార్లు అడిగారు. ఇంటర్న్‌షిప్ ఇంకా దొరకలేదు. ఏం చేయమంటారో దయచేసి చెప్పండి.

జవాబు: పెదవాల్తేరు అక్క

తమ్ముడూ, ముందు నాన్నగారి అనుమానం తీర్చు. మన దగ్గర ఎండల్లో పరీక్ష అంటే సప్లీయే కాబట్టి ఆయన అలా అడగడంలో తప్పేమీ లేదు. హార్వర్డ్‌లో వేసవి పాఠశాల 1871లోనే మొదలైందని, అంటే 1926లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టడానికి యాభై అయిదేళ్ల ముందు నుంచే ఉందని, అది తప్పినవాళ్ల కోసం పెట్టినది కాదని చెప్పు. మా నాన్నగారు కూడా ఆ సంవత్సరం విన్న తరువాతే మెత్తబడ్డారు.

ఇక వీసా సంగతి. ఆగస్టులో చేరి రెండు సెమిస్టర్లు పూర్తిగా చదివి, మళ్లీ ఫాల్‌లో, అంటే ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నడిచే సెమిస్టరులో, చేరబోతున్న ఎఫ్-1 (విద్యార్థి వీసా) విద్యార్థికి వేసవి సెలవు కాలం. ఒక్క కోర్సూ తీసుకోకపోయినా స్టేటస్‌కు ఏమీ కాదు. ఎవరికైనా చదువు వేసవిలోనే మొదలైతే మాత్రం ఆ మొదటి సెషన్‌లో పూర్తి లోడు, అంటే తప్పనిసరిగా తీసుకోవలసిన కనీస క్రెడిట్లు, తప్పదు. అది నీకు వర్తించదు.

నీ రూమ్మేట్ లెక్క మాత్రం కాగితం మీద వేసి చూసినట్టు లేదు. నీకు 18 క్రెడిట్లు ఉన్నాయి, ఒక్కో కోర్సుకు మూడు. వేసవిలో ఒక కోర్సు తీసుకుంటే 21, ఫాల్‌లో మామూలుగా 9 తీసుకుంటే 30, డిసెంబరులో డిగ్రీ చేతికొస్తుంది. వేసవిలో రెండు తీసుకుంటే 24, ఫాల్‌లో మిగిలేవి 6, అప్పుడూ డిసెంబరే. రెండో కోర్సు వల్ల ఒక్క రోజు కూడా కలిసిరాదు. పైగా ఫాల్‌లో పూర్తి లోడైన 9 కన్నా తక్కువ తీసుకోవాలంటే, అది ఆఖరి సెమిస్టరే అయినా, ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి. అసలు వేసవిలో ఏమీ తీసుకోకపోతే డిసెంబరుకు 27 దగ్గర ఆగి, ఒక్క కోర్సు కోసం జనవరి నుంచి మే వరకు అద్దె, ఇన్సూరెన్స్, ఫీజు కట్టుకుంటూ కూర్చోవాలి. ఆ ఒక్క కోర్సు విలువ అయిదు నెలల అద్దె. ఫాల్‌లోనే నాలుగు కోర్సులు తీసుకోవచ్చు కదా అని అడుగుతావేమో. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కంపెనీలు క్యాంపస్‌కు వచ్చే సమయానికి నీ తల నాలుగు ప్రాజెక్టుల్లో ఇరుక్కుని ఉండటం నాకైతే నచ్చదు.

ఆ ఒక్క కోర్సునైనా పేరు చూసి ఎంచుకోవద్దు. ఫాల్‌లో నువ్వు తీసుకోదలచిన కోర్సుకు ఏది ప్రీరిక్విజిట్ (దానికి ముందే చదవాల్సినది) అయితే దాన్ని తీసుకో, లేదా ప్రతి ఫాల్‌లోనూ సీట్లు దొరకక వెయిట్‌లిస్టులో వేలాడే కోర్సు వేసవిలో పెడితే దాన్ని పట్టుకో. వేసవిలో జాబితా చిన్నది. విద్యార్థులు చాలకపోతే మొదలయ్యే ముందు రద్దు చేసేస్తారు కూడా, కాబట్టి రెండో ఎంపిక ఒకటి రాసిపెట్టుకో. అది డిగ్రీలో లెక్కలోకి వస్తుందో లేదో అడ్వైజర్ చేత మెయిల్‌లో రాయించుకో, నోటిమాట చాలదు. అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే చేసే జీతపు పని) ఉంటే దాని నియామక ఉత్తరం తీసి వేసవి ఫీజు మాఫీ అందులో ఉందో లేదో చదువు. చాలాచోట్ల అది తొమ్మిది నెలలకే ఇస్తారు.

వేగం గురించి నా అనుభవం చెప్తాను. మూడు క్రెడిట్ల కోర్సు అంటే పదిహేను వారాలు, వారానికి మూడు గంటలు. ఆరు వారాల్లో అదే పాఠం చెప్పాలంటే వారానికి ఏడున్నర గంటలు. నేను నీలాగే ఉత్సాహంతో ఒకే ఆరు వారాల సెషన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్, స్టాటిస్టిక్స్ రెండూ తీసుకున్నాను. సోమవారం మొదలైతే రెండో వారం మంగళవారానికే మొదటి పరీక్ష. మధ్యలో మూడు రోజులు జ్వరంతో పడుకుని లేచేసరికి పుస్తకంలో నాలుగు అధ్యాయాలు దాటిపోయాయి. ఒకటి వదిలేద్దామని బుధవారం ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్తే, పూర్తి ఫీజు తిరిగిచ్చే గడువు మొదటి వారం శుక్రవారంతోనే ముగిసిందని అక్కడి ఆవిడ క్యాలెండరు కాగితం నా వైపు తిప్పి వేలితో చూపించింది. ఆ కాగితం రిజిస్ట్రేషన్ రోజు నుంచీ నా బ్యాగులోనే ఉంది. నువ్వు సెషన్ మొదలయ్యే ముందే ఆ తేదీని ఫోన్‌లో పెట్టుకో.

ఇంటర్న్‌షిప్ ఆలస్యంగా దొరికినా ఇబ్బంది లేదు. సీపీటీ (చదువుతుండగానే ఇంటర్న్‌షిప్ చేయడానికిచ్చే అనుమతి) ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద పడిన తరువాతే పనిలో చేరాలి, అంతకుముందు ఒక్క రోజు పనిచేసినా ఉల్లంఘనే. కొన్ని యూనివర్సిటీలు సీపీటీ కోసం వేసవిలో ఒక క్రెడిట్ రిజిస్టర్ చేయిస్తాయి, దాని ఫీజు కూడా లెక్కలో వేసుకో. ఇంటర్న్‌షిప్ వేరే ఊళ్లో దొరికినా చదువు ఆగకుండా నీ ఒక్క కోర్సు ఆన్‌లైన్‌లో ఉండేలా చూసుకోమంటాను. మామూలు సెమిస్టరులో పూర్తి లోడు లెక్కకు ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే చెల్లుతుంది గాని, వేసవిలో లోడు నిబంధనే లేదు గనుక నీకు ఆ పరిమితి అడ్డురాదు.

మళ్లీ ప్రశ్న: మద్దిలపాలెం సభ్యుడు

అక్కా, చాలా కృతజ్ఞతలు. అడ్వైజర్‌కు మెయిల్ రాశాను. డేటాబేస్ కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది, డిగ్రీకి చెల్లుతుందన్నారు. మరి విశాఖ వెళ్లి అక్కడి నుంచే చదవవచ్చా?

జవాబు: పెదవాల్తేరు అక్క

చదవవచ్చు, నేనూ ఒక వేసవి అలాగే చదివాను. అయితే వీడియోలు మనకు వీలైనప్పుడు చూసే కోర్సా, లైవ్ క్లాసా అన్నది ముందు తేల్చుకో. వేసవిలో అమెరికా తూర్పు తీరానికి మన సమయం తొమ్మిదిన్నర గంటలు ముందు, కాబట్టి అక్కడ సాయంత్రం ఆరు గంటల క్లాసు విశాఖలో తెల్లవారుజామున మూడున్నరకు. మా మిడ్‌టర్మ్ రోజున సరిగ్గా ఆ వేళకే ఈదురుగాలి వచ్చి పెదవాల్తేరంతా కరెంటు పోయింది. అమ్మ కొవ్వొత్తి పట్టుకుని పక్కన నిలబడింది, తమ్ముడి ఫోన్ హాట్‌స్పాట్ మీద, కెమెరాలో నా ముఖం కనిపించీ కనిపించకుండా పరీక్ష రాశాను. ముఖం స్పష్టంగా లేదని ప్రొఫెసర్‌కు నివేదిక వెళ్లింది. ఆయన మంచివారు కాబట్టి మెయిల్ చదివి ఒప్పుకున్నారు.

బయలుదేరే ముందు ఐ-20 మీద ప్రయాణ సంతకం ఏడాదిలోపుదేనా అని, వీసా స్టాంపు తిరిగొచ్చే నాటికి చెల్లుతుందా అని చూసుకో. స్టాంపు గడువు దాటితే హైదరాబాదు కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరికిన తరువాతే టికెట్ కొను. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని బ్యాటరీలో నీళ్లు పోయించమని నాన్నగారికి ఇప్పుడే చెప్పు, వైఫై రూటర్‌ను కూడా ఆ లైనుకే కలపమను.