చిన్న స్నానాల గదిలో పెద్ద గంగాళం పెట్టవచ్చా?

ప్రశ్న (లాసన్స్ బే కాలనీ)
మేడ మీది మా స్నానాల గది 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. పాత టైల్సు ఊడగొట్టించాను. ఇకపై అందులో కమోడు, ఒక కుళాయి, ఒక అద్దం, మా అమ్మమ్మ గంగాళం తప్ప మరేమీ ఉండకూడదని నా పట్టుదల. గంగాళం మూతి 30 అంగుళాలు. అమ్మ పెళ్ళిలో వచ్చినవాళ్ళందరికీ మంచినీళ్ళు అందులోనే నింపారట. చిన్నప్పుడు దాని అంచు నా గడ్డానికి తగిలేది. ఆ పెద్దరికం మళ్ళీ కనిపించాలని కుళాయినీ అద్దాన్నీ కావాలనే బాగా చిన్నవి ఎంచుకున్నాను. నేలకు గరుకు కడప బండ, గోడలకు తెల్ల సున్నం. తువ్వాళ్ళకు ఏటికొప్పాక లక్క గుబ్బలు. మేస్త్రీ మాత్రం నిగనిగలాడే టైల్సే వేయిద్దామంటున్నారు. సముద్రం దగ్గర కదా, ఇత్తడి నిలుస్తుందా?

జవాబు (గాజువాక)
అమ్మా, నేను ఇళ్ళు కట్టిస్తుంటాను. గరుకు బండ మంచి ఆలోచన, కాలు జారదు. అయితే గరుకు నేల మీద నీరు నిలుస్తుంది కాబట్టి నీళ్ళు పోయే జాలీ వైపుకు వాటం (వాలు) అడుగుకు పావు అంగుళం ఇప్పించండి. బండ పరవకముందే జాలీ మూసి, నేలంతా నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచండి. కింది ఇంటి కప్పు చెమ్మగిల్లితే అప్పుడే తెలిసిపోతుంది. నీళ్ళు చిమ్మే గోడకు సున్నం వద్దు, 4 అడుగుల ఎత్తు వరకు అదే బండ ఎక్కించండి. గంగాళంలో 120 లీటర్లు పట్టినా 120 కిలోలు, ఇత్తడి బరువు అదనం. గది మధ్యలో కాకుండా, కింద గోడ ఉన్న మూలన పెట్టండి.

జవాబు (పెదవాల్తేరు)
ఉప్పుగాలికి ఇత్తడి నల్లబడుతుంది, అక్కడక్కడ పచ్చగా చిలుము కూడా పడుతుంది. చింతపండుతో తోమితే పోతుంది. కానీ ఆ గదిలో మాత్రం తోమకండి! కడప బండ సున్నపురాయి. చింతపులుపు పడినచోట తెల్లటి మచ్చ పడుతుంది, అది కడిగినా పోదు. మా వంటింటి గట్టు మీద నిమ్మచెక్క పెట్టిన చోటు ఇప్పటికీ కనిపిస్తుంది. బాత్రూములు కడిగే యాసిడ్ అయితే అసలు తేవద్దు. ఇక ఏటికొప్పాక గుబ్బల సంగతి: లేతు మీద తిరిగే కర్రకు లక్కను ఒత్తితే, ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. అలాంటిదాన్ని వేడినీళ్ళ ఆవిరిలో ఉంచడం నాకు ఇష్టం లేదు. తలుపు బయట బిగించండి. మరలు 316 రకం స్టీలువి అడగండి, ఉప్పుగాలికి 304 కంటే బాగా ఆగుతాయి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. గుబ్బలు తలుపు బయటకు మార్చాను. గంగాళాన్ని నెలకొకసారి పెరట్లోకి దింపించి లోపలి వైపు మాత్రమే తోముతాను. బయట నల్లగా, లోపల పసుపుగా ఉంటే నల్ల బండ మీద ఇంకా బాగుంటుంది. మేస్త్రీ గారు రేపు నీళ్ళు కడతామన్నారు. కింది ఇంటివాళ్ళకు ఇప్పుడే వెళ్ళి చెప్పాలి.