ఆగని ఫిట్స్‌కి కీటో పథ్యం: ముందే అడగాలా, ఆఖర్నా?

పర్లాకిమిడి మేనమామ
మా అక్క కొడుక్కి ఏడేళ్లు. జ్వరం తగులుకున్న నాలుగో రోజున ఫిట్స్ పట్టుకున్నాయి, వదల్లేదు. చేతిలో తాళాల గుత్తి పెట్టి ముప్పావుగంట ఇంట్లోనే కూర్చున్నాం. ఆ తప్పు మాదే. తర్వాత పాతపట్నం మీదుగా ఒక పెద్దాసుపత్రికి చేర్చాం. లోరాజెపాం, లెవెటిరాసెటాం, ఫెనిటోయిన్, ఫిట్స్ ఆపే మందులన్నీ అయ్యాయి. చివరికి మత్తుమందు ఎక్కించి వెంటిలేటర్ మీద పెట్టారు. మత్తు తగ్గించినప్పుడల్లా కనురెప్ప అదిరేది, ఎడమ పెదవి మూల లాగేసేది, మెదడు కరెంటుని గీసి చూపే ఈఈజీలో గీతలు మళ్లీ లేచేవి. ఆసుపత్రిలో పదకొండో రోజున ముక్కుగొట్టంలోంచి కీటో ఆహారం, అంటే కొవ్వు బాగా ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండేది, మొదలెట్టారు. మూడు రోజులకి ఒంట్లో కీటోన్లు, అంటే కొవ్వు కరిగితే పుట్టేవి, పెరిగాయి. ఆరో రోజున మత్తు పూర్తిగా తీసేసినా ఫిట్స్ రాలేదు. ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడు. మాట ఇంకా రాలేదు.

పదకొండో రోజున ఇచ్చింది నాలుగో రోజునే ఎందుకివ్వలేదు? మూర్ఛకి ఈ పథ్యం 1921లోనే అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ సూచించాడు. నూరేళ్లు దాటింది. ఇంటివాళ్లే గట్టిగా అడగాలంటాను.

కోరాపుట్ మాస్టారు
బాబు తేరుకుంటున్నందుకు సంతోషం, తమ్ముడూ. కానీ పథ్యం వల్లే ఆగాయని ఎలా చెప్పగలం? అన్ని రోజులకి జబ్బే తగ్గుముఖం పట్టి ఉండొచ్చు. మందులూ నడుస్తూనే ఉన్నాయి కదా.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రివాళ్లు 2008లో ప్రచురించిన పరీక్షలో 145 మంది పిల్లలున్నారు. పథ్యం చేసినవాళ్లలో 38 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి, చేయనివాళ్లలో 6 శాతానికే తగ్గాయి. గట్టి లెక్కే. కానీ వాళ్లు మందులకి లొంగని మూర్ఛతో ఇంట్లో ఉంటున్న పిల్లలు. ఐసీయూలో మత్తుకి కూడా ఆగని ఫిట్స్ మీద 2017లో వచ్చిన అధ్యయనంలో ఉన్నది 15 మంది, అందరూ పెద్దవాళ్లే. పథ్యం పూర్తి చేసిన 14 మందిలో 11 మందికి ఆగాయి. పోల్చి చూడ్డానికి పథ్యం లేని గుంపే లేదు. ఇంత పలచటి ఆధారంతో డాక్టర్ల మీద ఒత్తిడి పెట్టడం నాకు నచ్చదు.

రాయగడ సిస్టర్
పిల్లల ఐసీయూలో పనిచేస్తాను. ఇద్దరి మాటలోనూ నిజముంది, కానీ మంచం దగ్గర నడిచే పని ఎవరూ చెప్పలేదు.

ఈ ఫీడు 4:1 లెక్కన కలుపుతాం, అంటే నాలుగు గ్రాముల కొవ్వుకి పిండిపదార్థాలు, మాంసకృత్తులు రెండూ కలిపి ఒక్క గ్రాము. చిక్కటి పాలలా ఉండే ఆ ఫీడు గొట్టంలో మెల్లగా దిగుతుంటే, పక్కన సెలైన్‌లో డెక్స్‌ట్రోస్ అనే చక్కెర పోతే పథ్యం గంగపాలే. ఫిట్స్ సిరప్‌లో తీపి ఉంటుంది, కాబట్టి టాబ్లెట్ నూరి వెయ్యాలి. ప్రొపోఫాల్ మత్తు నడుస్తుంటే పథ్యం కలపడం ప్రమాదం. కొంతమంది పిల్లలకి పుట్టుకతోనే కొవ్వుని కరిగించి శక్తిగా మార్చుకునే గుణం ఉండదు. వాళ్లకి ఇదే ప్రాణం తీస్తుంది. అందుకే ముందు రక్తపరీక్షలు. షుగరు పడిపోతోందా, రక్తంలో ఆమ్లం పెరుగుతోందా అని రాత్రీ పగలూ చూస్తూనే ఉండాలి.

ఒక రాత్రి ఓ నాయనమ్మ మనవరాలి ఎండిన పెదాలు చూడలేక వేలితో తేనె రాసింది. ఒకసారి కాదు, తెల్లారేదాకా. పొద్దున్న కీటోన్లు సగానికి దిగిపోయాయి. ఎందుకో తెలియక ఫీడు కలిపిన లెక్కంతా మళ్లీ వేసుకున్నాం. ఆవిడ ఏడుస్తూ చెప్పేదాకా మాకు తెలియలేదు. ఆవిణ్ణి ఏమనగలం? ముందుగా కూర్చోబెట్టి చెప్పాల్సింది మేమే.

గుణుపురం అమ్మ
దయచేసి ఇంట్లో ఎవరూ చెయ్యొద్దు. వీడియో చూసి మా పాపకి అన్నం, రాగి అంబలి మానిపించి నెయ్యి, గుడ్లు పెట్టాను. ఐదో రోజుకి వాంతులు, రొప్పు. ఆసుపత్రిలో రక్తం ఆమ్లం పట్టిందన్నారు. దక్కింది. ఇప్పటికీ నెయ్యి గిన్నె చూస్తే నా చేతులు వణుకుతాయి.

పర్లాకిమిడి మేనమామ
అక్కా, మీ మాట నాకు గుచ్చుకుంది. ఇంట్లో చెయ్యమని నేననలేదు, అనను కూడా. సిస్టర్, మాకు మూడో రోజునే ఎవరైనా ఇలా కూర్చోబెట్టి చెప్పుంటే ఇవాళ ఈ కోపం ఉండేది కాదు.

మాస్టారూ, గుంపు లేదన్నారు, ఒప్పుకుంటాను. కానీ మత్తు తీసినప్పుడల్లా ఫిట్స్ తిరగబెట్టే పిల్లాడికి మరో పెద్ద పరీక్ష వచ్చేదాకా ఆగే టైముందా? మొదటి మత్తు తీసినా ఫిట్స్ తిరిగొచ్చిన రోజున "కీటోకి మావాడు పనికొస్తాడా, రక్తం తీసి చూస్తారా" అని అడగడం ఒత్తిడి కాదు.

కోరాపుట్ మాస్టారు
ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. "ఇవ్వండి" అనడం వేరు. అక్కడ మాత్రం నా మాట మార్చను. ఇంకోటి. ఫిట్స్ ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టరు రాసిస్తే ఇంట్లో ఉంచుకోవాలి. మీ ముప్పావుగంట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

పర్లాకిమిడి మేనమామ
నాదీ అక్కడే ఆగింది, మాస్టారూ. స్ప్రే ఇప్పుడు అక్క కొంగుకే ఉంటుంది. నిన్న మందుల షాపులో టాబ్లెట్ లేదు, అదే మందు సిరప్ తీసుకోమన్నాడు. అక్క తెచ్చేసేది, నేను చూశాను కాబట్టి సరిపోయింది. ఈ రాత్రి కూర్చుని "తీపి లేని మందే ఇవ్వండి" అని తెలుగులో, ఒడియాలో రాసి వాడి ఫైలు అట్టకి కుడుతున్నాను. ఒడియా సరిగ్గా రాసేవాళ్లుంటే ఆ ఒక్క వాక్యం ఇక్కడ పెట్టండి.