అమ్మానాన్నలతో హిమాలయాల్లో ఒక్కరోజు నడక: దూరం చూడాలా, ఎత్తు చూడాలా?

పటమట_పావురం
మే నెలాఖరుకి ఎనిమిది రోజులు హిమాలయాలకి వెళ్దామనుకుంటున్నాం. నాన్నకి 64, బీపీ మాత్ర వేసుకుంటారు. అమ్మకి 59, మోకాళ్ళు అంతంతమాత్రం. నేను, మా ఆవిడ, పదేళ్ళ పాప. టెంట్లలో పడుకోవడం మావల్ల కాదు. పొద్దున్నే బయల్దేరి, మంచుకొండలు కనిపించేలా కాసేపు నడిచి, సాయంత్రానికి గదికి వచ్చేయాలి. చూసుకున్నవి మూడు: చోప్తా నుంచి తుంగనాథ్, మెక్లియోడ్‌గంజ్ దగ్గర త్రియుండ్, లేదంటే మనాలి చుట్టుపక్కల ఏదైనా. మూడింటికీ 'ఈజీ' అనే రాశారు. నిజంగా ఈజీ ఏది? శివుడి గుడి కాబట్టి నాన్న తుంగనాథే అంటున్నారు.

బ్రాడీపేట_మాస్టారు
మీ నాన్నగారి మాటే వినండి. చోప్తా నుంచి గుడికి నాలుగు కిలోమీటర్లు, అంతా రాళ్ళు పరిచిన దారి. మధ్యలో టీ కొట్లు ఉంటాయి, కాళ్ళు మొరాయిస్తే గుర్రాలు ఉంటాయి. త్రియుండ్ మాత్రం వద్దు. మెక్లియోడ్‌గంజ్ నుంచి నడిస్తే తొమ్మిది కిలోమీటర్ల దాకా ఉంటుంది. గల్లూ గుడి దాకా కారులో వెళ్తే కొంత తగ్గుతుంది గానీ, చివర్లో 22 మలుపుల రాళ్ళ ఎక్కుడు ఎవరికైనా తప్పదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ముందు దూరం చూసుకోవాలి. నేను 64వ ఏట అలిపిరి మెట్లు 3,550 మూడున్నర గంటల్లో ఎక్కాను. దాని ముందు నాలుగు కిలోమీటర్లు ఒక లెక్కా?

గుణదల_మెట్లు
మాస్టారూ, దయచేసి తిరుమలతో పోల్చకండి. తిరుమల పైకి చేరినా వెయ్యి మీటర్ల ఎత్తు ఉండదు. తుంగనాథ్ నడక మొదలయ్యే చోప్తాయే 2,700 మీటర్ల దగ్గర ఉంది, గుడి 3,680. మన బెజవాడ సముద్రమట్టానికి ముప్పై మీటర్లు కూడా లేదు. 2,500 దాటాక ఎవరికైనా కొండజబ్బు రావచ్చు. తల పగిలిపోతుంది, వికారం, అన్నం సయించదు, నిద్ర పట్టదు. రోజూ వాకింగ్ చేసేవాళ్ళకి రాదన్న భరోసా ఏమీ లేదు. 3,500 మీటర్ల దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్, ఇక్కడ అందేదాంట్లో మూడింట రెండొంతులే. అందుకే నేను దూరం చూడను. ఎంత ఎత్తుకి వెళ్తున్నాం, ఆ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నాం, ఈ రెండే చూస్తాను.

కృష్ణలంక77
వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ వెళ్ళండి, స్వర్గం.

గుణదల_మెట్లు
అది జూన్ 1న గానీ తెరవరు. తెరిచినా మొదట్లో దారిలో మంచు ఉంటుంది, పూలు చూడాలంటే జూలై సగం దాటాలి. మేలో వెళ్ళేవాళ్ళకి అదెందుకు?

లెక్కల_లక్ష్మి
ఒక పాత లెక్క ఉంది, 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ కొండల మనిషి చెప్పింది. ఐదు కిలోమీటర్లకి గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. తుంగనాథ్‌కి నాలుగు కిలోమీటర్లంటే 48 నిమిషాలు. ఎక్కుడు 950 మీటర్లు దాటుతుంది కాబట్టి దానికి గంటా ముప్పావు వేయండి. మొత్తం రెండున్నర గంటలు. ఇది ఆగకుండా నడిచే కుర్రాళ్ళకి. మోకాళ్ళ నొప్పి, పల్చటి గాలి, పాప అడిగే బిస్కెట్లు కలుపుకుంటే నాలుగు గంటలు అనుకోండి. దిగడం వేరే. అమ్మగారి మోకాళ్ళకి అసలు పరీక్ష దిగేటప్పుడే, రెండు చేతులకీ కర్రలు ఇప్పించండి. దూరం ఒక్కటే చూసినా తప్పే, ఎత్తు ఒక్కటే చూసినా తప్పే.

బ్రాడీపేట_మాస్టారు
అమ్మా, లెక్క బాగుంది. కానీ నేనూ 37 ఏళ్ళు ఫిజికల్ సైన్స్ చెప్పినవాణ్ణే, గాలి ఒత్తిడి సంగతి నాకు తెలియక కాదు. తుంగనాథ్ దారిలో డెబ్బై దాటిన ముసలమ్మలు చేతిలో ఇత్తడి చెంబు పట్టుకుని ఎక్కుతుంటారు. వాళ్ళలో ఎవరూ ఆక్సిజన్ లెక్క వేసుకుని రారు. అరవై దాటిన మనిషికి ముందే భయం ఎక్కించకండి.

గుణదల_మెట్లు
ఆ ముసలమ్మల్లో చాలామంది ఆ కొండల్లో పుట్టి పెరిగినవాళ్ళు, వాళ్ళతో మనకి పోలికేంటి? మొన్నటిదాకా ఫ్యాన్ కింద పడుకున్న మనిషిని మూడో రోజు పొద్దున ఐదింటికి అక్కడ నిలబెడితే ఏమవుతుందో నేను చూశాను మాస్టారూ.

అరండల్‌పేట_చెల్లి
మనాలి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. మనాలి 2,050 మీటర్లు, రాత్రి పడుకోవడానికి బాగుంటుంది. మొదటి రోజు వశిష్ఠ్ ఊరు నుంచి జోగినీ జలపాతం దాకా వెళ్ళిరండి, మూడు కిలోమీటర్లు ఉంటుంది. ఊరి మధ్యలోంచి, తోటల పక్కనుంచి దారి. వచ్చాక వశిష్ఠ్‌లో వేడినీటి గుండం ఉంది, అమ్మగారి కాళ్ళకి హాయి. రెండ్రోజులాగి అటల్ సొరంగం దాటి సిస్సు వెళ్ళండి. 2020 అక్టోబరులో తెరిచారు, తొమ్మిది కిలోమీటర్లు. ఇదివరకు అటు పోవాలంటే 3,978 మీటర్ల రోహ్తంగ్ కనుమ ఎక్కి దిగాల్సిందే. సిస్సు 3,100 దగ్గర ఉంటుంది. చంద్రా నది పక్కన దాదాపు చదునుగా నడవచ్చు, అవతలి గట్టున పెద్ద జలపాతం, తలెత్తితే మంచు. సాయంత్రానికి మళ్ళీ మనాలికి వచ్చి పడుకుంటారు.

గుణదల_మెట్లు
ఇదీ ప్లాన్ అంటే. పగలు పైకి, రాత్రి కిందికి.

బ్రాడీపేట_మాస్టారు
కారు దిగి నది గట్టున తిరిగొస్తే అది నడకా? అలాగైతే ప్రకాశం బరాజ్ మీద నడవచ్చు. పెద్దాయన తుంగనాథ్ అన్నారు. ఆయన ఏమడిగారో వదిలేసి, ఆయనకేం సరిపోతుందో మీలో మీరే తేల్చేస్తున్నారు.

మొగల్రాజపురం_రవి
ఎక్కడికి వెళ్ళినా ఆరింటికల్లా బయల్దేరండి. మధ్యాహ్నం దాటితే మబ్బు కమ్మి పిడుగులు పడతాయి. తుంగనాథ్ పైభాగంలో చెట్టు కూడా ఉండదు.

గుణదల_మెట్లు
మాస్టారూ, మీరు మూడుసార్లు తుంగనాథ్ పేరెత్తారు. సూటిగా అడుగుతున్నాను, మీరు ఎక్కారా లేదా? నేను ఎక్కాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. మూడేళ్ళ కిందట అమ్మని తీసుకెళ్ళాను. హరిద్వార్ నుంచి పది గంటలు బండిలో వెళ్ళి రాత్రికి చోప్తాలో దిగాం. బండి మాట్లాడిపెట్టినాయన 'అందరూ ఇంతే సార్, పొద్దున్నే ఎక్కేస్తారు' అన్నాడు, నమ్మాను. పొద్దున అమ్మ టీ తాగలేదు. నేను గమనించలేదు. సగం దారిలో పక్కకి తిరిగి చీర కొంగుతో తల గట్టిగా కట్టుకుంటోంది. 'ఏంటమ్మా' అంటే 'చలిగాలిరా' అంది. గుడి దగ్గర వాంతులయ్యాయి, తిన్నగా నిలబడలేకపోయింది. గుర్రం మీద దించి, అదే బండిలో 1,300 మీటర్ల ఊఖీమఠ్‌కి తీసుకెళ్తే సాయంత్రానికి తేరుకుంది. ఆ పూట నేను పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. రాత్రంతా తలనొప్పిగానే ఉందట, చెప్పలేదు. పెద్దవాళ్ళు చెప్పరు మాస్టారూ. చెప్పరు కాబట్టే మేమే తేల్చాల్సి వస్తోంది.

లెక్కల_లక్ష్మి
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. అడిగినవాళ్ళు బెదిరిపోతారు.

కృష్ణలంక77
డయామాక్స్ అని కొండజబ్బు మాత్ర ఉంది, వేసుకుంటే సరి.

లెక్కల_లక్ష్మి
డాక్టర్‌ని అడగకుండా వద్దు. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే చెప్పాలి, బీపీ మాత్ర ఏదో కూడా చెప్పాలి.

బ్రాడీపేట_మాస్టారు
నిన్నంతా జవాబు రాయలేదు. గుణదల బాబు అడిగినదానికి జవాబు: ఎక్కలేదు.

పోయిన జూన్‌లో చోప్తా దాకా వెళ్ళాను. నెల ముందునుంచి స్టేడియంలో రోజూ ఎనిమిది రౌండ్లు కొట్టాను. కొత్త బూట్లు కొనుక్కుని, కరవకుండా ఇంట్లోనే పదిహేను రోజులు తొడుక్కుని తిరిగాను. ఆ పొద్దున ఐదింటికి లేచి స్వెట్టర్ వేసుకుని బయటికొస్తే, మా అబ్బాయి 'నాన్నా, మీరు రెస్ట్ తీసుకోండి, మేం తొందరగా వచ్చేస్తాం' అన్నాడు. నాకు తలనొప్పి లేదు, ఆయాసం లేదు. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఫ్లాస్కులో టీ పోసి, బిస్కెట్ ప్యాకెట్ పక్కన పెట్టి వెళ్ళారు. గది కిటికీలోంచి ఆ దారి మొదలు కనిపిస్తుంది. తొమ్మిదింటిదాకా అక్కడే కూర్చున్నాను, బూట్లు విప్పలేదు. ఇత్తడి చెంబు ముసలమ్మల్ని చూసింది ఆ కిటికీలోంచే.

మీ అమ్మగారు ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు బాబూ. ఒక్కసారి తల నొస్తోందంటే, ఇంకెప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్ళరు.

గుణదల_మెట్లు
మాస్టారూ, క్షమించండి. అలా నిలదీసి ఉండకూడదు.

నిజమే, ఆ తర్వాత అమ్మని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. పోయిన కార్తీకంలో కోటప్పకొండ వెళ్దామంటే కూడా నేనే వద్దన్నాను. అక్కడ పైదాకా రోడ్డుంది.

అరండల్‌పేట_చెల్లి
మాస్టారూ, ఊఖీమఠ్‌లో రెండు రాత్రులు ఉండి, చోప్తాలో ఒక పూట ఊరికే అటూ ఇటూ తిరిగి, ఆ మర్నాడు ఎక్కండి. తలనొప్పి లేకపోతేనే. మీరు ఎక్కగలరు.

గుణదల_మెట్లు
దానికి నాకూ అభ్యంతరం లేదు. 3,000 దాటాక పడుకునే చోటు రాత్రికి 500 మీటర్లకి మించి పెరగకూడదంటారు. ఇందులో ఆ బాధే లేదు. కాకపోతే తల నొస్తే నొస్తోందని చెప్పాలి.

బ్రాడీపేట_మాస్టారు
చెప్తాను. చెప్పిన పూటకి ఆగిపోతాను. మర్నాడు మళ్ళీ అడగాలి. నా షరతు అదొక్కటే.

పటమట_పావురం
రాత్రి భోజనాలయ్యాక ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. మాస్టారి కిటికీ దగ్గరికి వచ్చేసరికి టీవీ కట్టేశారు.

ఈసారికి మనాలి. నాలుగు రాత్రులు అక్కడే. మొదట జోగినీ, తర్వాత ఒక రోజు ఖాళీ, ఆ తర్వాత సిస్సు. ఎవరికి చాలనిపించినా అక్కడే ఆగొచ్చు, వాళ్ళతో ఒకరు ఉంటారు, మిగతావాళ్ళు ముందుకెళ్ళొచ్చు. ఎవరు ఆగాలన్నది మాత్రం నేను ముందే తేల్చను. తుంగనాథ్ అక్టోబరులో, చెల్లి గారు చెప్పినట్టు ఊఖీమఠ్ మీదుగా. వీధి చివర డాక్టర్ గారికి చూపించాకే టికెట్లు.

పడుకోబోతూ నాన్న ఒక మాట చెప్పారు. సంక్రాంతికి తిరుమల మెట్లెక్కినప్పుడు గాలిగోపురం దగ్గర ఫోన్ చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నారు. ఎవరిదో మెసేజ్ అనుకున్నాం. కళ్ళు తిరిగాయట.