కాఠ్మండులో కాలిపోయిన పార్లమెంటు భవనం ఏది?

ప్రశ్న (అమలాపురం): 2025 సెప్టెంబరు 9న ఆందోళనకారులు నిప్పుపెట్టిన నేపాల్ పార్లమెంటు భవనాన్ని కొందరు సింహదర్బారు అంటున్నారు, కొందరు బానేశ్వర్ భవనం అంటున్నారు. ముక్తినాథ్ యాత్రకు వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి మాకు చూపించినది కంచె వెనుక ఉన్న ఆధునిక కట్టడమే గాని రాజభవనం కాదు. ఏది నిజం?

జవాబు (రామచంద్రపురం): అయ్యా, రెండూ తగలబడ్డాయి, కానీ అవి వేర్వేరు కట్టడాలు. సింహదర్బారు 1908లో రాణా ప్రధాని చంద్ర శంషేర్ తన నివాసంగా కట్టించుకున్న మేడ. తరువాత అది సచివాలయమైంది, 1973 అగ్నిప్రమాదంలో చాలా భాగం పోగొట్టుకుంది. చట్టసభ ఆ ప్రాంగణంలోని గ్యాలరీ బైఠక్ అనే సమావేశ మందిరంలో కూర్చునేది. 2008లో 601 మంది సభ్యులతో రాజ్యాంగసభ ఏర్పడినప్పుడు, చైనా సాయంతో నిర్మించిన న్యూ బానేశ్వర్ అంతర్జాతీయ సమావేశ కేంద్రానికి మారారు. రాచరికాన్ని రద్దు చేసిన 2008 మే 28 నాటి తీర్మానం, 2015 సెప్టెంబరు 20 నాటి రాజ్యాంగ ప్రకటన అక్కడే జరిగాయి. మీరు చూసినది అదే.

జవాబు (నరసాపురం): పై వివరణకు ఒక్క చేర్పు. సామాజిక మాధ్యమాల నిషేధం, అవినీతిపై మొదలైన యువత నిరసనలో 8వ తేదీన కాల్పులు జరిగి పలువురు మరణించడం వల్లనే మరునాడు ఆ ఆగ్రహం సభ మీదికి మళ్లింది. అప్పటి ప్రధాని ఓలీ రాజీనామా చేసినదీ ఆ 9వ తేదీనే. నాకు వింతగా తోచేది మరొకటి: సభకు సొంత భవనం అప్పటికే సింహదర్బారు ప్రాంగణంలో నిర్మాణంలో ఉంది.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండీ. అయితే నా ఫొటో కింద రాసుకున్న పేరు సరిదిద్దుకుంటాను.