రైతుకిచ్చే రేటు రేపు ఎవరూ తగ్గించకుండా కంపెనీ ఎలా పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. మూడేళ్లుగా కట్టె గానుగ మీద వేరుశనగ నూనె తీసి అమ్ముతున్నాను. కాయలు మా చుట్టుపక్కల 40 మంది రైతుల దగ్గరే, మార్కెట్ రేటు కన్నా కాస్త ఎక్కువిచ్చి కొంటాను. పిండి చెక్క కూడా వాళ్ల పశువులకే తక్కువ ధరకు ఇస్తాను.

ఇప్పుడు కంపెనీగా రిజిస్టర్ చేయాలి. పెట్టుబడి పెడతానని మా బావ ముందుకొచ్చాడు. మంచి మనిషే. కానీ "రెండేళ్లలో లాభం కనిపించకపోతే రైతుల రేటు తగ్గించాల్సిందే" అన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. రేటు తగ్గించాక ఇక ఈ గానుగ ఎందుకు?

సెక్షన్ 8 కంపెనీలో (లాభాపేక్ష లేని కంపెనీ) డివిడెండ్, అంటే వాటాదారులకు లాభం పంచడం, కుదరదు. కాబట్టి బావ డబ్బు రాదు. ప్రొడ్యూసర్ కంపెనీకి, అంటే రైతుల్లాంటి ఉత్పత్తిదారులే కలిసి పెట్టుకునే కంపెనీకి, 10 మంది రైతులు చాలు. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకే ఓటు, అది నాకు చాలా నచ్చింది. అయితే సభ్యులు ఉత్పత్తిదారులే కావాలి. నాకు సెంటు భూమి లేదు. గానుగ ఆడించే పని మీద నన్ను సభ్యుడిగా ఒప్పుకుంటారా?

లేదా ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి, లాభంలో రైతుల వాటాను ఆర్టికల్స్‌లోనే (కంపెనీ నడిచే నియమాల పత్రం) రాయించాలా? మామూలుగా వాటిని నాలుగింట మూడొంతుల ఓట్లతో మార్చేయొచ్చు. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 5 ప్రకారం, వాటిని మార్చడానికి అంతకన్నా గట్టి షరతు పెట్టుకోవచ్చు. అలా నిజంగా రాయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? పెట్టుబడిదారుతో గొడవ వచ్చినప్పుడు ఆ షరతు నిలబడిందా? మీకు జరిగింది చెప్తే చాలు, దయచేసి రాయండి. వచ్చే పంట కోతలోపు తేల్చుకోవాలి.