బాలెనోలో 12 అంగుళాల సబ్: సీల్డ్ బాక్సా, పోర్టు బాక్సా? డిక్కీలో పావు వంతే ఇస్తాను

బెజవాడ_బాలెనో:
నా బాలెనో కారుకి 12 అంగుళాల సబ్ (లోతైన బేస్ కోసం పెట్టే సబ్‌వూఫర్ స్పీకర్), దాన్ని నడిపే 500 వాట్ల మోనోబ్లాక్ (ఒకే చానెల్) యాంప్ కొనేశాను. సబ్‌తో వచ్చిన కాగితంలో ఎఫ్ఎస్ (సబ్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 32 హెర్ట్జ్, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.5, వీఏఎస్ (సబ్ బిగువుకి సమానమైన గాలి పరిమాణం) 40 లీటర్లు అని ఉంది. ఆటోనగర్‌లో ఒక షాపులో రెడీమేడ్ పోర్టు బాక్స్ (గాలి బయటికి రావడానికి పైపు ఉన్న పెట్టె) చూపించి "ఇందులో ఏ సబ్ పెట్టినా దుమ్ము లేచిపోద్ది" అన్నారు. ఎన్ని లీటర్లు, ఎంతకి ట్యూన్ చేశారు అని అడిగితే జవాబు లేదు. డిక్కీ మొత్తం 318 లీటర్లు. బయటి కొలతతో కలిపి 80 లీటర్లు దాటితే ఇంట్లో ఒప్పుకోరు. వినేది మాస్ పాటలు, పాత మెలొడీలు, రెండూ. ఏది కట్టించాలి?

సీల్డ్_సత్తిబాబు:
మీ అంకెలకి సీల్డే, అంటే పూర్తిగా మూసేసిన పెట్టె. బాక్స్ లోపల నికరంగా 40 లీటర్లు ఇస్తే క్యూటీసీ (సబ్‌ని పెట్టెలో బిగించాక వచ్చే క్యూ అంకె) సరిగ్గా 0.707 వస్తుంది. 45 హెర్ట్జ్ వరకు సాఫీగా ఉండి, అక్కడి నుంచి ఆక్టేవ్‌కి (హెర్ట్జ్ సగానికి దిగే ప్రతిసారీ) 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా దిగుతుంది. 30 లీటర్లకి కుదించినా 0.76 దగ్గరే ఉంటుంది, పెద్దగా చెడిపోయేది ఏమీ లేదు. పోర్టు బాక్స్ ఇంత ఓపిక పట్టదు.

కూకట్‌పల్లి_కిక్:
సత్తిబాబు గారూ, 45 దగ్గరే దిగిపోతే 12 అంగుళాల సబ్ ఎందుకు భయ్యా? ఇప్పటి పాటల్లో బేస్ 35, 40 హెర్ట్జ్‌లో తిరుగుతోంది. బేస్ గిటార్ కింది తీగే 41 హెర్ట్జ్. పోర్టు ఎలా పని చేస్తుందో ఒకసారి చూడండి. ఖాళీ గోలీసోడా సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా, పోర్టులో గాలి కూడా ట్యూన్ చేసిన చోట అలాగే పలుకుతుంది. అక్కడ కోన్ (సబ్‌లో ముందుకీ వెనక్కీ ఊగే పొర) దాదాపు కదలదు, శబ్దమంతా పోర్టు నుంచే వస్తుంది. సీల్డ్‌లో అదంతా కోనే మోయాలి. 60 హెర్ట్జ్‌లో వచ్చే శబ్దమే 30లో కూడా రావాలంటే కోన్ నాలుగింతలు కదలాలి. 500 వాట్లు అక్కడే అయిపోతాయి.

సీల్డ్_సత్తిబాబు:
మీరు హాల్లో సోఫా పక్కన పెట్టే సబ్ గురించి చెబుతున్నారు. ఇది కారు. లోపలి పొడవు రెండున్నర మీటర్లు అనుకుంటే, 70 హెర్ట్జ్ కంటే కింద క్యాబినే బేస్‌ని పెంచడం మొదలుపెడుతుంది. లెక్క ప్రకారం ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ దాకా. సీల్డ్ దిగేదీ 12, క్యాబిన్ ఎక్కించేదీ 12. హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీకీ సీటుకీ మధ్య రేకు గోడ లేదు కాబట్టి ఆ లాభం నేరుగా చెవికి అందుతుంది.

కూకట్‌పల్లి_కిక్:
అది కాగితం మీద. తలుపుల బీడింగ్ దగ్గర గాలి పోతుంది, డోర్ రేకు ఊగుతుంది, అద్దాలు ఊగుతాయి. నిజంలో అంత ఎక్కడ వస్తుంది? పైగా పోర్టుకీ అదే క్యాబిన్ లాభం వస్తుంది కదా. ఎక్కువైన చోట ఈక్వలైజర్‌తో తగ్గిస్తే యాంప్‌కి విశ్రాంతి. లేనిదాన్ని పెంచాలంటేనే వాట్లు కావాలి.

సీల్డ్_సత్తిబాబు:
సరే, అయితే లెక్కలోకి రండి. క్యూటీఎస్ 0.5 ఉన్న సబ్‌ని పోర్టులో పెడితే ట్యూనింగ్‌కి కాస్త పైన ఒక దిబ్బ లేస్తుంది, అంటే అక్కడ మాత్రం శబ్దం ఉబ్బుతుంది. పోర్టుకి హాయిగా నప్పేవి 0.4 కంటే తక్కువ ఉన్నవి. 1954లో అమెరికన్ స్పీకర్ డిజైనర్ విల్చర్ ఏఆర్-1 స్పీకర్‌తో చూపించింది ఇదే, చిన్న మూసిన పెట్టెలోంచి కూడా లోతైన బేస్ వస్తుందని.

కూకట్‌పల్లి_కిక్:
చరిత్ర మీరే తీశారు కాబట్టి: ఈ క్యూటీఎస్, వీఏఎస్ అంకెలకి థీల్-స్మాల్ పారామీటర్లు అని పేరు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ రాసిన పేపర్ పోర్టు బాక్సుల మీదే! మీరు సీల్డ్‌ని గెలిపించడానికి వాడుతున్న అంకెలు మా వాళ్లవి 😄

చెక్కపని_విశాఖ:
అన్నలారా, కట్టేవాడి మాట కూడా వినండి. నికరంగా 50 లీటర్ల బాక్స్‌ని 33 హెర్ట్జ్‌కి ట్యూన్ చేయాలనుకుందాం. 10 సెంటీమీటర్ల పైపు అయితే సుమారు 36 సెంటీమీటర్ల పొడవు చాలు, కానీ 500 వాట్లకి అందులోంచి గాలి బుస్సుమంటుంది. ఆ చప్పుడు పోవాలని 15 సెంటీమీటర్ల పైపు వేస్తే పొడవు 86 సెంటీమీటర్లకి పోతుంది. ఆ పైపే 15 లీటర్లు తినేస్తుంది. సబ్ మాగ్నెట్, లోపలి సపోర్టు చెక్కలు కలిపితే లోపలే 70 లీటర్లు, 18 ఎంఎం చెక్కతో బయటికి 90 దాకా. పోనీ బాక్స్ చిన్నది చేద్దామంటే, అదే ట్యూనింగ్‌కి పైపు ఇంకా పొడవు కావాలి. బాక్స్ తగ్గేకొద్దీ పైపు పెరుగుతుంది, చాలామంది షాపుల వాళ్లు దాటేసేది ఇక్కడే.

సీల్డ్ అయితే లోపల 50 × 36 × 25 సెంటీమీటర్లు, అంటే 45 లీటర్లు. సబ్, సపోర్టులు పోగా 40 మిగులుతుంది. బయటికి 60 లీటర్లు.

ఇంకో మాట. సముద్రం పక్క ఊళ్లలో ఎండీఎఫ్ (చెక్క పీచుని నొక్కి చేసిన బోర్డు) వద్దు. తేమకి అంచులు ఉబ్బుతాయి, స్క్రూలు పట్టు వదులుతాయి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, ధర ఎక్కువైనా. బెజవాడలో ఎండీఎఫ్ నడుస్తుంది కానీ డిక్కీ బీడింగ్ నుంచి వాన నీళ్లు రాకుండా చూసుకోవాలి.

సీఎన్‌జీ_శీను:
డిక్కీలో సిలిండర్ ఉన్నవాళ్లం ఈ చర్చలో ప్రేక్షకులమేనా?

చెక్కపని_విశాఖ:
సీటు కింద పెట్టే 8 అంగుళాల పల్చటి సబ్ ఉంటుంది శీనూ. వణుకు రాదు గానీ పాట నిండుగా ఉంటుంది.

బెజవాడ_బాలెనో:
పోర్టు బేస్ "లేటుగా" వస్తుంది, పాత మెలొడీలకి పనికిరాదు అంటారు. నిజమేనా?

సీల్డ్_సత్తిబాబు:
నిజమే. ట్యూనింగ్ దగ్గర శబ్దం ఆగడానికి టైమ్ తీసుకుంటుంది, దాని కింద ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. ఇంకో ప్రమాదం, ట్యూనింగ్ కింద కోన్‌ని ఆపే గాలి ఉండదు. సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది హెర్ట్జ్‌ని ఆపేది) లేకపోతే కోన్ ఇష్టమొచ్చినట్టు ఊగి కాయిల్ పోతుంది.

కూకట్‌పల్లి_కిక్:
ఫిల్టర్ పెట్టకపోవడం పెట్టినవాడి తప్పు, పోర్టుది కాదు. "లేటు" అనే పేరు 45, 50కి ట్యూన్ చేసిన రెడీమేడ్ బాక్సుల వల్ల వచ్చింది. దిబ్బ సరిగ్గా పాట మధ్యలో కూర్చుంటే అన్నీ ఒకే "బూం" లాగా వినిపిస్తాయి. 32కి ట్యూన్ చేసిన దాన్ని వినిపిస్తే మీరే గుర్తుపట్టలేరు. షాపు బాక్స్ నిజం తెలియాలంటే ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, చిన్న వాల్యూమ్‌లో 60 నుంచి కిందికి దిగుతూ కోన్ చూడు. ఎక్కడ దాదాపు నిలబడిపోతుందో అదే ట్యూనింగ్.

బెజవాడ_బాలెనో:
ఇప్పుడే షాపుకెళ్లి చూశాను. 48 దగ్గర ఆగింది. వదిలేశాను. 80 లీటర్ల లెక్కలో సీల్డే పడుతుంది కాబట్టి 40 లీటర్లది కట్టిస్తున్నా.

కూకట్‌పల్లి_కిక్:
కట్టించు తమ్ముడూ, స్థలం లేదు కాబట్టి సరే. సీల్డ్ గొప్పదని మాత్రం ఒప్పుకోను. డోర్ స్పీకర్లకి 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (పైవి మాత్రమే వెళ్లనిచ్చేది), సబ్‌కి 80 దగ్గర లోపాస్ (కిందవి మాత్రమే వెళ్లనిచ్చేది) పెట్టు. తర్వాత సబ్ వైర్లు తిప్పి పెట్టి డ్రైవర్ సీట్లోంచి విను, ఎటు పెడితే 80 దగ్గర నిండుగా వస్తుందో అటే ఉంచు. డప్పు మీద పుల్ల దెబ్బ పదును డోర్ స్పీకర్ల నుంచి రావాలి. దాని కోసం సబ్ గెయిన్ పెంచకు.

చెక్కపని_విశాఖ:
జాయింట్లకి లోపల సిలికాన్ పట్టించి, ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే సబ్ బిగించు. బిగించాక కోన్‌ని రెండు చేతులతో సమంగా, మెల్లగా నొక్కి వదులు. నిదానంగా పైకి వస్తే బాక్స్ బిగువుగా ఉన్నట్టు. ఠక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోంది, వైర్ టెర్మినల్ దగ్గర ముందు చూడు.